అరికాలి చుక్క

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒక ఆడపిల్ల తిరుగుతోందట. చంటిపిల్లలు కనిపిస్తే చాలు, పక్కకు వచ్చి చేరుతుందట. తల్లి అటు తిరగగానే పిల్ల అరికాలిలో పెట్టిన దిష్టి చుక్కను వేలితో తుడిచేస్తుందట. చుక్క పోయిన పిల్లకు అదే రోజు జ్వరం తగులుకుంటుందట, పాలు పట్టదట. మీర్‌పేట్‌లో ఒక పిల్లకు అట్లాగే అయిందట. ఆ తుడిచే ఆమె ఆకుపచ్చ చున్నీ వేసుకుంటుందట. చేతిలో నూనె సీసా ఉంటుందట. వెనక పెద్ద ముఠా ఉందట.

ఈ సంగతి నేను కొత్తపేట రైతుబజారులో విన్నాను. నేను తోటకూర ఏరుకుంటున్నాను. ఆకుకూరలు అమ్మే ఆమె నా పక్కన నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లకు చెబుతోంది.

"గసొంటిదాన్ని దొరకవట్టి కరెంటు కంబానికి కట్టెయ్యాలె," అంది ఒకామె.

"కట్టేస్తే ఏమైతది? గుండు గీకి పంపాలె," అంది రెండో ఆమె. తర్వాత నా వైపు తిరిగి, "ఏమంటవ్ బిడ్డా?" అని అడిగింది.

కొత్తవాళ్లు ఏదైనా అడిగితే నాకు నోరు పెగలదు. తల ఊపుతాను. అప్పుడూ ఊపాను. నా గుండుకు నేనే ఒప్పుకుని, తోటకూర తీసుకుని, ఆకుపచ్చ చున్నీని సంచిలో కుక్కుకుని ఇంటికి వచ్చాను.

ముఠా మాత్రం లేదు. ముఠా కట్టేంత మంది నాకు తెలియరు. మిగతాదంతా దాదాపు నిజమే.

నా పేరు సౌందర్య. ఈ పేరు పెట్టేటప్పుడు మా అమ్మ నన్ను సరిగ్గా చూసి ఉండదు. చంపాపేట్ మెయిన్ రోడ్డు వెనక గల్లీలో, రేకుల గదిలో కిరాయికి ఉంటాం. నాన్న జానయ్య పండ్ల మార్కెట్‌లో హమాలీ. మార్కెట్ కొత్తపేటలో ఉన్నంత కాలం మధ్యాహ్నం ఇంటికి వచ్చి అన్నం తినేవాడు. దాన్ని ఊరి బయటికి మార్చాక తెల్లారకముందే పోయి పొద్దుగూకాక వస్తున్నాడు. అమ్మ పేరు అండాలు. అమ్మ చంటిపిల్లలకు నీళ్లు పోసేది.

బాలింత ఉన్న ఇంటికి రోజూ పొద్దున్నే పోయేది. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద పిల్లను బోర్లా పడుకోబెట్టుకునేది. నూనె పట్టించి, శనగపిండితో నలిచి, వేన్నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, అరికాలిలో కాటుక చుక్క పెట్టి తల్లి చేతికి ఇచ్చేది. మధ్యలో చూపుడువేలితో ముక్కు దూలాన్ని సాగదీసేది, మంచి ముక్కు వస్తుందని. కొత్తపేటలో, చంపాపేట్‌లో చాలామంది పిల్లల ముక్కులు మా అమ్మ తీర్చినవే. నా దగ్గరికి వచ్చేసరికి అలిసిపోయి ఉంటుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కు తోడు పోయే మనిషి కావాలి. నాన్న పోతే కూలి పోతుంది, నేను పోతే చదువు పోతుంది. నా చదువు సంగతి టీచర్లకు ముందే తెలుసు కాబట్టి ఎవరూ పెద్దగా బతిమాలలేదు. దవాఖాన బెంచీల మీద కూర్చుని కూర్చుని నేను ఒక్క విద్య నేర్చుకున్నాను. మనుషులు నన్ను చూడకుండా నేను వాళ్లను చూడటం. పరీక్ష పెట్టేవాళ్లు లేరు గానీ, ఉంటే అందులో పాసయ్యేదాన్ని.

పోయిన ఏడాది శ్రావణంలో ఒక పొద్దున అమ్మ లేవలేదు. గల్లీలో అందరూ ఒక మాట అన్నారు. నాన్న అన్నాడు, అంబులెన్సు డ్రైవరు కూడా అన్నాడు. నేను అనలేదు. నేను అనకపోతే అది పూర్తిగా జరగనట్టే అని నాకొక మొండి నమ్మకం.

అమ్మను యాచారం దగ్గర మా ఊరికి తీసుకెళ్లాం. నాన్న వాళ్ల అక్క, బుచ్చమ్మత్త, ఆడవాళ్లను పిలిచి అమ్మకు నీళ్లు పోయించింది. పాదాలకు పసుపు రాసింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. అత్త వచ్చి నా పక్కన చతికిలబడింది.

"ఏడ్వకు బిడ్డా. మీ అమ్మ యాడికి పోతది? యాడాది తిరగకముందే మల్ల పుడ్తది. మీ తాత సచ్చిపోయిన్నాడు నేను ఆయన మోచేతికి ఇంత పసుపు రాసిన. మల్ల మా ఆకాశ్‌గాడు పుట్టిండు. వాని మోచెయ్యి సూడు పో."

ఆకాశ్ అత్త కొడుకు. బయట టెంటు తాడు కడుతున్నాడు. చూశాను. మోచేతి మీద నిజంగానే పచ్చగా ఒక మచ్చ ఉంది. వాడు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఎస్సై పరీక్షకు మూడోసారి చదువుతున్నాడు. మా తాత కూడా ఏ పనీ మొదటిసారికి అయిందనిపించేవాడు కాదట. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

"మరి మనల్ని గుర్తువడ్తరా అత్తా?" అని అడిగాను.

"పాత పేరు పెట్టి పిలిస్తే ఏడుపు బంద్ చేస్తరు. అదే గుర్తు. యాడాది దాటిందనుకో, పాత ఇల్లు మర్సిపోతరు."

నేను లేచి లోపలికి పోయాను. ఆడవాళ్లు పూలదండ సరిచేస్తున్నారు. నా సంచిలో అమ్మ కాటుక డబ్బా ఉంది. ఎవరూ చూడకుండా అమ్మ ఎడమ అరికాలి పసుపు మధ్యలో ఒక చుక్క పెట్టాను. చిన్న చుక్కయితే కొత్త కాలికి రాకుండా పోతుందేమోనని శనగగింజంత పెట్టాను. నా జీవితంలో నేను ముందుచూపుతో చేసిన పని అదొక్కటే.

ఇక వెతకడమే మిగిలింది. అత్త చెప్పినదాన్ని బట్టి అమ్మ మా ఇంట్లోనే పుట్టాలి. కానీ మా ఇంట్లో ఉన్నది నేనూ నాన్నా. నాకు పెళ్లి కాలేదు, నాన్న వల్ల అయ్యే పని కాదు. కాబట్టి అమ్మ బయట చూసుకోక తప్పదు. బయట అంటే తెలిసిన ఇళ్లే, అంటే తను నీళ్లు పోసిన పేటలే. అందులోనూ మంచి టీ ఇచ్చే ఇల్లు. అమ్మకు టీ అంటే ప్రాణం. కిడ్నీల డాక్టరు నీళ్లు తగ్గించమంటే మంచినీళ్లు మానేసి ఆ లెక్క టీకి వాడుకున్న మనిషి.

బుధవారం మా దగ్గరి బస్తీ దవాఖానలో చంటిపిల్లలకు టీకాలు వేస్తారు. మొదటి బుధవారం పోయి బెంచీ చివర కూర్చున్నాను. బెంచీ నిండా తల్లులు, ఒళ్లో పిల్లలు. నా పక్క పిల్ల గుడ్డలోంచి కాలు బయటికి తన్నింది. ఎడమ అరికాలిలో నల్లచుక్క! లేవబోయాను. అంతలో దాని పక్క పిల్ల కాలు బయటపెట్టింది. నల్లచుక్క. ఆ అవతలి పిల్లకూ నల్లచుక్క. ఒక మగపిల్లవాడికి రెండు కాళ్లకూ ఉంది.

అమ్మ ప్రతి పిల్ల అరికాలిలో దిష్టి చుక్క పెట్టడం బుద్ధెరిగినప్పటి నుంచీ చూశాను. పిల్లలున్న ప్రతి ఇంట్లో పెడతారనీ తెలుసు. అయినా మా అమ్మను పోల్చుకోవడానికి సరిగ్గా అదే గుర్తు పెట్టి పంపాను. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ల గుంపులో తప్పిపోకుండా మనిషికి నల్లచొక్కా తొడిగినట్టయింది.

"నీ బిడ్డ ఏది?" అని అడిగింది పక్కనామె.

"లోపటుంది," అన్నాను.

"ఎన్ని నెల్లు?"

నలభై రెండేళ్లు అనబోయి నాలుక కరుచుకున్నాను. "రెండు," అన్నాను.

"జర నా బిడ్డను పట్టుకో చెల్లే, కార్డు ఆడ్నే మర్సిపోయిన," అని పిల్లను నా ఒళ్లో పెట్టి లోపలికి పోయింది.

అప్పుడు నాకు దారి దొరికింది. కాటుకైతే నూనెతో రుద్దితే పోతుంది, మచ్చయితే పోదు. తర్వాతి బుధవారం నుంచి చిన్న సీసాలో కొబ్బరినూనె పట్టుకుపోయాను. నన్ను చూస్తే ఎవరికీ భయం వేయదు. ముఖంలో ఏమీ ఉండదు. అందుకే పిల్లల్ని నా చేతికి ఇచ్చి కార్డులకు, ఫోన్లకు, బాత్రూములకు పోయేవాళ్లు. నేను పిల్లను కొత్తపేట పుచ్చకాయలాగా రెండు చేతులా పట్టుకుని, నూనె వేలితో అరికాలు రుద్దేదాన్ని. చుక్క పోయేది. మా అమ్మ కాదు. కితకితలకు పిల్ల నవ్వేది. నేను తర్వాతి పిల్ల దగ్గరికి జరిగేదాన్ని.

గురువారాలు దిల్‌సుఖ్‌నగర్ బాబా గుడికి పోయేదాన్ని. లైన్లో ముందున్నవాళ్ల భుజం మీది పిల్లల కాళ్లు మన చేతికి అందేంత కిందికి వేలాడుతుంటాయి. ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ అయితే ఇంకా మేలు. ఎస్కలేటర్ మీద పైమెట్టున ఉన్నవాళ్ల పిల్ల అరికాలు సరిగ్గా మన ముఖం ముందుకు వస్తుంది. ఒకసారి అట్లాగే వేలు చాపాను. పిల్ల తండ్రి వెనక్కి తిరిగాడు.

"ఏందమ్మా?"

"పాప చెప్పు జారిపోతుందన్నా."

ఆయన పిల్ల కాళ్ల వైపు చూశాడు. "చెప్పులే లేవు కదా!"

పైకి పోయే ఎస్కలేటర్ మీద కిందికి పరుగెత్తడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఎంత పరుగెత్తినా ఆయన ముందే ఉన్నాను.

కడుపులో పడ్డప్పుడే ప్రాణం వస్తుందా, పుట్టేటప్పుడు వస్తుందా అని అత్తకు ఫోన్ చేసి అడిగాను. "గా సైన్సు నాకేమెరుక?" అంది. దాంతో ఏ వయసు పిల్లల్నీ వదల్లేదు. ఇట్లా నెలలు గడిచాక రైతుబజారులో నా గురించి నేనే విన్నాను. గుండుకు తల ఊపి వచ్చానని చెప్పాను కదా. ఆ రోజు నుంచి గడప దాటడానికి భయం వేసింది. ఏడాది కావస్తోంది. అమ్మ ఎక్కడో ఏ గదిలోనో నా పేరు మర్చిపోయే పనిలో ఉంది. నేను చంపాపేట్‌లో తలుపు వేసుకుని కూర్చున్నాను.

అప్పుడే అమ్మ ఫోన్ మోగింది. దానికి రోజూ చార్జింగ్ పెడుతూనే ఉన్నాను.

"ఏమ్మా అండాలూ, బావున్నావా? నేనమ్మా, కొత్తపేట సూర్యప్రభని. మా సింధుకి పాప పుట్టింది. బొడ్డు కూడా ఊడింది. రేపట్నుంచి నువ్వు రావాలి. అప్పుడు మా ఉపేంద్ర కొడుక్కి నువ్వే పోశావుగా, వాడికి ఇప్పటిదాకా తుమ్ము కూడా రాలేదు."

సూర్యప్రభ గారిది గుంటూరు వైపు. భర్త రామమోహనరావు గారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. వాళ్లింట్లో టీ చిక్కగా, అల్లం వేసి ఇస్తారని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది.

"అమ్మ ఊళ్లె ఉందమ్మా," అన్నాను. "నేనొస్త."

అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. అమ్మ ఊళ్లోనే ఉంది.

మర్నాడు పోయాను. పిల్లలకు నీళ్లు పోయడం వేలసార్లు చూశాను, ఒక్కసారీ పోయలేదు. సింధు గదిలో నిద్రపోతోంది. సూర్యప్రభ గారు వేన్నీళ్లకు వంటింట్లోకి వెళ్లారు. పీట మీద కూర్చుని కాళ్లు చాపాను. పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, వేరే ఏమీ చేయకముందే ఎడమ కాలు ఎత్తి చూశాను. నల్లచుక్క ఉంది. అలవాటుగా నూనె వేలితో రుద్దాను. పోలేదు. మళ్లీ రుద్దాను. శనగపిండితో రుద్దాను. అరికాలు ఎర్రబడింది గానీ చుక్క కదల్లేదు.

"అమ్మా," అన్నాను.

సూర్యప్రభ గారు బకెట్‌తో లోపలికి వస్తూ విన్నారు. కానీ ఆ ఇంట్లో పాపను అందరూ అమ్మా అనే పిలుస్తారు. "దాన్ని అప్పుడే మాలిమి చేసుకున్నావే!" అని మెచ్చుకున్నారు.

ఆ రోజు ఎట్లా పోశానో నాకు గుర్తులేదు. పాపకు ఏమీ కాలేదంటే అది పాప గొప్పతనమే.

తర్వాతి రోజులన్నీ నాకు పండగే. రోజూ పొద్దున్నే నడిచి పోయేదాన్ని. పాపకు నూనె పట్టిస్తూ అన్ని సంగతులూ చెప్పేదాన్ని. నాన్న దగ్గు తగ్గిందనీ, ఇంటివాళ్లు మళ్లీ కిరాయి పెంచుతారట అనీ, పప్పులో ఉప్పు నాకు ఇంకా కుదరడం లేదనీ. సూర్యప్రభ గారు ఇచ్చిన టీ గ్లాసును పాప ముక్కు దగ్గర పెట్టి చూశాను. తల తిప్పింది. సరైన వైపుకే తిప్పిందని అనుకున్నాను.

పేరు పెట్టి పిలవడం మాత్రం కష్టమైంది. కన్నతల్లిని ఎవరు పేరు పెట్టి పిలుస్తారు? ఒకరోజు ఎవరూ లేనప్పుడు చెవి దగ్గర వంగి, "అండాలూ," అని, చెంప మీద ఒకటి పడుతుందేమోనని వెనక్కి జరిగాను. పాప నా ఒళ్లు తడిపింది. మా అమ్మ అట్లాంటి మనిషి కాదు. కానీ అప్పటి మర్యాదలు ఇప్పటి వయసుకు వర్తించవని సర్దిచెప్పుకున్నాను.

వర్తించనిది ఇంకొకటి ఉంది. పాప ఒకటే ఏడుపు. నూనె పెడితే ఏడుపు, నీళ్లు పోస్తే ఏడుపు, ఎత్తుకుంటే ఏడుపు. పిల్లల డాక్టరు చూసి ఏమీ లేదు, గ్యాసు అన్నాడట. మా అమ్మ డయాలసిస్ సూదులకు కూడా ఏడ్చేది కాదు. గోడ వైపు చూసేది. అప్పుడు దాచుకున్నదంతా ఇప్పుడు తీరిగ్గా ఏడుస్తోందేమో అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చిన రోజు నేను కూడా పాపతో కలిసి కాసేపు ఏడ్చాను. నీళ్ల చప్పుడులో ఎవరికీ తెలియలేదు.

ఒకరోజు సూర్యప్రభ గారు ఫోన్ పట్టుకుని వచ్చారు. "సౌందర్యా, ఇది విన్నావా? చంటిపిల్లల దిష్టి చుక్క తుడిచే పిల్లట. చంపాపేట్ వైపే తిరుగుతోందట. నువ్వు రోజూ అటు నుంచే వస్తావుగా, కాస్త కనిపెట్టి చూడమ్మా. ఎక్కడైనా కనబడితే వెంటనే నాకు ఫోన్ చెయ్యి."

"చేస్తనమ్మా," అన్నాను, ఆమె మనవరాలి అరికాలు తుడుస్తూ.

ఏడాది దగ్గరికి వచ్చింది. బుచ్చమ్మత్త ఫోన్ చేసింది. "సోమారం ఏడాది మాసికం వెడ్తున్నం. నాయినను తీసుకొని ఒక దినం ముందే రా."

"అత్తా, యాడాది దాటితే పాత ఇల్లు మర్సిపోతరన్నవ్ కదా. సోమారం దాక టైం ఉన్నట్టేనా, ఆదివారంతోనే అయిపోతదా?"

"ఎవరు మర్సిపోతరు?"

"పోయినోళ్లు. మల్ల పుట్టినంక."

"నేనన్ననా గట్ల?"

"అన్నవ్. అమ్మకు నీళ్లు వోసిన్నాడు."

"ఏడ్సేటోళ్లకు ఏదో ఒకటి అంటం బిడ్డా," అంది అత్త. "నువ్వు గియ్యన్ని మనసుల వెట్టుకోకు. వచ్చేటప్పుడు మంచి అగరొత్తులు తే, గీడ దొరుకుతలెవ్వు."

నేను అత్త మాట నమ్మలేదు. అంటే, ముందు చెప్పిన మాట నమ్మి, ఇప్పుడు చెప్పిన మాట నమ్మలేదు. అత్తకు వయసైపోయింది, మతిమరుపు వస్తోంది అనుకున్నాను. చుక్క నా కళ్ల ముందు ఉంది కదా. పిలిచినప్పుడు ఏడుపు ఆగడం ఒక్కటే తక్కువ. నా గొంతు పీలగా ఉండి వినపడటం లేదేమో, ఇంటి పెద్దవాళ్లు పిలిస్తే ఆగుతుందేమో. అడగాలి. సోమవారం లోపు అడగాలి. ఒక మాట అడగడానికి నాకు మామూలుగా ఒక నెల పడుతుంది.

శనివారం పొద్దున పాప ఏడుపు వీధి దాకా వినపడింది. నేను పోయేసరికి సింధు తల పట్టుకుని కూర్చుని ఉంది. "అమ్మా, ఏదో ఒకటి చెయ్యవే, నా వల్ల కాదు," అని సూర్యప్రభ గారితో అంటోంది. రామమోహనరావు గారు హాల్లో పేపరు చదువుతున్నారు, అంటే చదువుతున్నట్టు పట్టుకుని ఉన్నారు. నేను హాల్లోనే చాప వేసుకుని పాపకు నూనె పెట్టడం మొదలుపెట్టాను. పెట్టుకుంటూనే, నేలకేసి చూస్తూ అన్నాను.

"మా దిక్కు పిల్లలు గిట్లేడిస్తే ఇంట్ల పోయిన పెద్దోళ్ల పేర్లు అంటరమ్మా. ఎవరి పేరుకు ఏడుపు ఆపితే వాళ్లు మల్ల వచ్చినట్టు."

"మా వైపు కూడా ఉందిలే," అన్నారు సూర్యప్రభ గారు. ఆమె కూడా ఓడిపోయి ఉన్నారు. వచ్చి నా పక్కన కూర్చుని పాప చెవిలో, "సుబ్బారావు గారూ," అని వాళ్ల నాన్నగారి పేరు పిలిచారు. పాప ఏడ్చింది. "రత్తమ్మా," అని వాళ్లమ్మ పేరు పిలిచారు. పాప ఇంకా ఏడ్చింది.

"మా అమ్మ పేరు అనవేం?" అన్నారు రామమోహనరావు గారు పేపరు వెనక నుంచి.

"ఆవిడెందుకండీ ఇప్పుడు?" అన్నారు సూర్యప్రభ గారు. "చూసింది చాలదా?"

ఇంతకంటే సమయం రాదు. "అమ్మా, అండాలు అనుండ్రి."

ఆమె నా వైపు చూశారు. "అండాలా? మీ అమ్మ పేరెందుకే? పోయినవాళ్ల పేర్లు కదా అనాల్సింది. మీ అమ్మ బతికే ఉందిగా?"

నా చేతులకు నూనె ఉంది, పాప జారుతోంది. ఏడాదిగా నేను వెతుకుతున్న మనిషి నా కాళ్ల మీదే ఉంది. ఆమె నాది అని చెప్పుకోవాలంటే, ఏ మాట అనకుండా ఉండటానికి ఇదంతా చేశానో ఆ మాటే అనాలి. అంత తెలివి తక్కువగా ఎవరూ ఇరుక్కోరు.

"లేదమ్మా," అన్నాను. "సచ్చిపోయింది. మా అమ్మ సచ్చిపోయింది."

"అయ్యో! ఎప్పుడే?"

"పోయిన శ్రావణంల."

"మరి ఊళ్లో ఉందన్నావు?"

"ఊళ్లెనే ఉంది. ఆడనే బొందవెట్టినం."

నాకు ఒకసారి నోరు తెరుచుకున్నాక ఆగలేదు. "అయినా వచ్చిందమ్మా. మీ ఇంటికే వచ్చింది. ఇగో సూడుండ్రి, గీ చుక్క నేను వెట్టిందే. నీళ్లు వోసిన్నాడు ఎడమ కాలికి వెట్టిన. నూనెతోని రుద్దిన, పోలే," అంటూ పాప కాలు ఎత్తి చూపించాను.

సూర్యప్రభ గారు ఆ అరికాలు చూశారు. నా ముఖం చూశారు. తర్వాత మెల్లగా భర్త వైపు తిరిగారు.

"ఏవండీ, మీ ఎడమ కాలు ఒకసారి ఇలా పెట్టండి."

"నా కాలెందుకు?"

"పెట్టమన్నానా!"

ఆయన పేపరు దించి, చెప్పు విడిచి, సోఫాలోంచి కాలు చాపారు. తెల్లగా, పగుళ్లతో ఉన్న పెద్ద పాదం. అరికాలి మధ్యలో శనగగింజంత నల్లమచ్చ.

"మా అమ్మకీ సరిగ్గా ఇక్కడే ఉండేది," అన్నారాయన. "వాళ్లమ్మకి కూడా ఉండేదట."

నేను ఆ రెండు కాళ్లనూ మార్చి మార్చి చూశాను. ఒకటి నా అరచేతిలో పట్టేంత ఉంది. ఇంకొకటి రామమోహనరావు గారిది. మా అమ్మ ఇద్దరై పుట్టిందనీ, అందులో ఒకరు అమ్మకంటే ముందే పుట్టి, బ్యాంకులో చేరి, రిటైరయ్యారనీ నమ్మితే తప్ప లెక్క కుదరదు. ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, అది కూడా కుదురుతుందేమోనని చూశాను.

తర్వాత ఏడుపు వచ్చింది. చున్నీకి చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయి నూనె చేతులతోనే ముఖం మూసుకున్నాను.

సూర్యప్రభ గారు నన్ను దగ్గరికి తీసుకోలేదు, ఊరుకో అని కూడా అనలేదు. పాపను నా ఒళ్లోంచి తీసుకుని భుజాన వేసుకున్నారు. "పిచ్చిమొహమా," అన్నారు. "నీళ్లు చల్లారిపోతున్నాయి. లే. నువ్వు పట్టుకో, నేను పోస్తాను. ముందు దీనికి పోసేద్దాం, తర్వాత ఇద్దరం కూచుని ఏడుద్దాం. అండాలు నాకూ కావలసిన మనిషే."

నేను లేచేలోపు రామమోహనరావు గారు సోఫాలోంచి ముందుకు వంగారు. భార్య భుజం మీది పాప చెవి దగ్గర, సిగ్గుపడుతున్నట్టుగా, మెల్లగా అన్నారు. "సీతారావమ్మా."

పాప ఏడుపు ఆపింది.

వెక్కిళ్లు కూడా లేవు. కళ్లు పెద్దవి చేసుకుని ఆయన వైపు చూసింది.

"ఓరి భగవంతుడా," అన్నారు సూర్యప్రభ గారు. "మళ్లీ నా చేతి వేన్నీళ్లకేనా!"

గదిలోంచి సింధు నవ్వు వినిపించింది. రామమోహనరావు గారు, "గ్యాసు పోయుంటుందిలే," అని సోఫాలో వెనక్కి కూర్చుని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. చాలాసేపు పేజీ తిప్పలేదు.

నాకు కుళ్లు పుట్టింది. దవాఖానలు, గుళ్లు, ఎస్కలేటర్లు తిరిగిన నాకు దొరకని అమ్మ, ఇంట్లో కూర్చుని పేపరు చదువుకుంటున్న ముసలాయనకు దొరికింది. గ్యాసే కావచ్చు. ఆయనకూ తెలుసు. అయినా ఆయన పిలిచారు, నేను చూశాను.

మేమిద్దరం పాపకు నీళ్లు పోశాం. తర్వాత వంటింట్లో కూర్చుని టీ తాగాం. అల్లం వేసిన టీ. ఆమె అమ్మ గురించి అడిగారు, నేను చెప్పాను. ఏ పొద్దున, ఎట్లా, ఎవరెవరు వచ్చారు, ఎక్కడ పెట్టాం, అన్నీ. నా నోట అన్ని మాటలు ఒకేసారి రావడం నేను వినలేదు ఎప్పుడూ.

సోమవారం ఊళ్లో మాసికం పెట్టారు. అమ్మ ఫొటో ముందు అన్నం, చికెన్ కూర, గ్లాసు నిండా టీ పెట్టాను. అగరొత్తులు తెచ్చావా అని అత్త అడిగింది. మర్చిపోయానన్నాను. ఆకాశ్ బండి మీద పోయి తెచ్చాడు. మా తాత అయితే పోయేవాడు కాదట, నాన్న అన్నాడు.

నాకిప్పుడు నాలుగిళ్లలో పని ఉంది. సూర్యప్రభ గారే చెప్పి పెట్టించారు. ముక్కులు తీర్చడం ఇంకా రాలేదు, కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. మొన్న మీర్‌పేట్‌లో కొత్త ఇంటికి పోయాను. అత్తాకోడళ్లు పిల్లను నా కాళ్ల మీద పడుకోబెట్టి, ఎదురుగా కూర్చుని, నాకే ఆ పుకారు చెప్పారు. ఇప్పుడు ఆమెకు ఆరడుగుల ఎత్తు వచ్చింది. కారులో తిరుగుతోంది. నాకు సంతోషమే.

"మెసేజ్‌ల అన్నీ ఉన్నయి," అంది కోడలు ఫోన్ చూపిస్తూ. "చున్నీ రంగు గూడ రాసిండ్రు. ఎందుకు తుడుస్తదో గది మాత్రం రాయలే."

నేను పిల్ల వీపు మీద చెంబుతో నీళ్లు పోశాను.

"వాళ్లమ్మ సచ్చిపోయిందక్కా," అన్నాను.